రజా ఎన్ని రోజులు, చేతికి ఎంత?

పోయిన నెల మన లైన్లలో ఇద్దరు తల్లులు ఒకటే మాట అడిగారు. "మావోడు దుబాయి పోయి రెండేళ్లు దాటింది, రజా అడిగితే ఇయ్యమంటున్నారంట. అట్ల చేయొచ్చా అన్నా?" అని. చిక్కసూగూరులో కన్నడం, తెలుగు కలిసిపోయి మనం సెలవును రజా అనే అంటాం కాబట్టి నేనూ అట్లే రాస్తున్నా.

ముందు మనకు తెలిసిన మిల్లు లెక్క చూద్దాం. 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో రజా. ఏడాదికి 300 రోజులు పనిచేసినోళ్లకు 15 రోజులు వస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి అయితే ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు. ఆయన్నే విదేశంలో మన రాయబార కార్యాలయానికి వేస్తే జీతం మీద విదేశీ భత్యం, సెలవుకు ఇంటికి వచ్చిపోయే టికెట్టు కూడా సర్కారే ఇస్తుంది. దానికి 1961 నుంచి ప్రత్యేక నియమాలున్నాయి. కంపెనీ వీసా మీద పోయిన మన పిల్లలకు అవేవీ వర్తించవు. వాళ్లకు ఆ దేశం చట్టమే దిక్కు.

ఆ చట్టం మనం అనుకున్నంత చెడ్డదేం కాదు. దుబాయి ఉన్న ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి కొత్త కార్మిక చట్టం నడుస్తోంది. ఏడాది నిండితే 30 రోజుల రజా. ఎప్పుడు పోవాలో తేదీ కంపెనీ పెట్టొచ్చు. కానీ కార్మికుడు తనంతట తాను వద్దంటే తప్ప, రెండేళ్లకు మించి రజా ఆపడానికి లేదు. ఆ తల్లులకు నా జవాబు ఇదే. ఏటేటా టికెట్టు మాత్రం అగ్రిమెంటులో రాసి ఉంటేనే. ఇంటిపనికి పోయినవాళ్ల చట్టం వేరు, దాన్ని దీంతో కలపొద్దు.

అసలు మోసం జరిగేది రజా దగ్గర కాదు, బేసిక్ దగ్గర. పని మానేసి వచ్చేటప్పుడు గ్రాట్యుటీ కట్టేది బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. జీతం 1,500 దిర్హాములు, అందులో బేసిక్ 800 అనుకోండి. ఐదేళ్లకు వచ్చేది 2,800. ఆ 1,500 అంతా బేసిక్ అయి ఉంటే 5,250 వచ్చేది. వాడుకోని రజాకు ఇచ్చే డబ్బు కూడా బేసిక్ మీదే. అందుకే ఏజెంటు "జీతం పదిహేనొందలు" అనంగానే సంబరపడకుండా, అందులో బేసిక్ ఎంతని అడగాలి. అడగడానికి మన పిల్లలకు మొహమాటం, ఏజెంటుకు కావాల్సింది కూడా అదే.

సౌదీలో రజా 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్లయితే 30. అక్కడ రెండేళ్లు నిండకుండా తానే రాజీనామా చేస్తే గ్రాట్యుటీ ఏమీ రాదు. కోపంలో కాగితం మీద సంతకం పెట్టే ముందు తేదీ చూసుకోమని పిల్లలకు ఫోన్లో చెప్పండి.

కంపెనీ వినకపోతే దుబాయిలో మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. ఇక్కడి నుంచైతే ఇంట్లోవాళ్లే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి పాస్‌పోర్టు, అగ్రిమెంటు జిరాక్సులు కావాలి, అవి ఇంట్లోనే ఉంచుకోండి. పదో తరగతి కానివాళ్లు పోయేటప్పుడు ప్రవాసీ బీమా కట్టించుకుంటారు, రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటికి 10 లక్షలు. ఆ కాగితంలో నామినీగా ఎవరి పేరుందో ఈ వారమే ఫోన్ చేసి అడగండి. పెళ్లికి ముందు పోయిన పిల్లలైతే మరీ.