ఈత, సైకిలు, పరుగు



ట్రయథ్లాన్ అనే పందెము పేరు మన పల్లెల్లో చాలామంది విని ఉండరు. పేరుకు అది ఒక్క పందెమే గాని అందులో మూడు ఉన్నాయి. ముందు ఈదాలి, నీళ్లలో నుండి లేచి సైకిలు ఎక్కాలి, సైకిలు దిగి పరుగెత్తాలి. నడుమ విశ్రాంతి లేదు. ఒలింపిక్ పోటీలలో ఈత ఒకటిన్నర కిలోమీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు. వికలాంగులకు జరిగే పారాలింపిక్ పోటీలలో దూరము ఇందులో సగము. అంటే ఈత 750 మీటర్లు, సైకిలు 20 కిలోమీటర్లు, పరుగు 5 కిలోమీటర్లు.

సగమే కదా అని తీసిపారవేయవద్దు. 20 కిలోమీటర్లంటే కాస్త అటు ఇటుగా వడ్లమూడి నుండి తెనాలి వెళ్లి తిరిగి రావడము. అది ఈత ముగించిన ఒంటితో తొక్కాలి, తరువాత పరుగు ఇంకా మిగిలే ఉంటుంది. ఇదంతా ఒక కాలు లేనివారు, ఒక చేయి లేనివారు, చూపు లేనివారు చేస్తున్నారు. 2016లో బ్రెజిల్ దేశములోని రియో నగరములో ఈ పందెమును మొదటిసారి పారాలింపిక్స్‌లో చేర్చారు.

ఇది ఎలా సాధ్యమని మీరు అడుగుతారు. చూపు లేనివారికి తోడుగా ఒక మనిషి ఉంటాడు. ఈతలో ఇద్దరినీ ఒక తాడు కలుపుతుంది, తరువాత ఇద్దరు తొక్కే సైకిలు ఎక్కుతారు, పరుగులో మళ్లీ తాడే. నడవలేనివారు చేతులతో తిప్పే బండి మీద సైకిలు దూరము దాటి, చక్రాల కుర్చీలో పరుగు దూరము ముగిస్తారు. కాలు లేనివారు కృత్రిమ కాలు తీసివేసి ఈదుతారు, ఒడ్డుకు వచ్చాక తొడుక్కుంటారు. ఆ తొడుక్కునే సమయము కూడా పందెములో లెక్కే. గడియారము ఎవరి కొరకూ ఆగదు. అందుకే వారు ఈతను సాధన చేసినట్టే కాలు తొడుక్కోవడమును కూడా సాధన చేస్తారు.

ఈ పందెములో పేరు పొందినవారిలో అమెరికాకు చెందిన గ్రేస్ నార్మన్ ఒకరు. ఆమె 1998లో పుట్టింది. తల్లి గర్భములో ఉండగానే సన్నని పొరలు చుట్టుకొని ఆమె కాళ్ల ఎదుగుదలను చెరిపాయి. ఎడమ కాలు మోకాలి కింద లేదు, కుడి పాదమునకు బొటనవేలు లేదు. రియోలో ఈ పందెము మొదటిసారి జరిగినప్పుడు ఆమెకు 18 ఏళ్లు. బంగారు పతకము గెలిచింది. అదే పోటీలలో 400 మీటర్ల పరుగులో కంచు పతకము కూడా తెచ్చుకుంది. తరువాత ఒహాయో రాష్ట్రములోని సెడార్‌విల్ అనే క్రైస్తవ విశ్వవిద్యాలయములో నర్సింగు చదివింది. కరోనా వలన ఏడాది ఆలస్యముగా 2021లో జరిగిన టోక్యో పోటీలలో ఆమెకు వెండి మాత్రమే దక్కింది. కుడి ముంజేయి లేకుండా పుట్టిన ఇంగ్లండు యువతి లారెన్ స్టెడ్‌మన్ ఆమెను దాటిపోయింది. గ్రేస్ అక్కడితో ఆగలేదు. 2024లో పారిస్‌లో మరల బంగారము గెలిచింది. రియోకు పారిస్‌కు మధ్య ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో పతకము లేని రోజులే ఎక్కువ, సాధన చేసిన రోజులే ఎక్కువ.

“అది దూరదేశపు మాట, వాళ్లకు డబ్బుంది, వసతులున్నాయి” అని కొందరు అంటారు. సరే, మన తెలుగువారినే చూద్దాము.

ఈత మాటకు వస్తే మాధవీలత ప్రత్తిపాటి ఉన్నారు. ఆమెది ఖమ్మం వైపు సత్తుపల్లి. ఏడు నెలల పసిబిడ్డగా ఉన్నప్పుడు పోలియో వచ్చింది. చదువుకొని చెన్నైలో ఉద్యోగము చేస్తూండగా వెన్నెముక వంగి ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడసాగింది. ప్రాణమునకే ముప్పు అన్నారు. నీటిలో చేసే వ్యాయామము ఆమెకు మేలు చేసింది, ఆ వ్యాయామమే ఈతగా మారింది. నలభై ఏళ్ల వయసులో ఆమె పోటీలకు దిగి జాతీయ స్థాయిలో పతకాలు గెలిచారు. తన మేలు తాను చూసుకొని ఊరుకోక, చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆటకు దేశమంతటికీ ఒక సమాఖ్యను నిలబెట్టారు.

సైకిలు మాటకు వస్తే మన ఆంధ్రప్రదేశ్ యువకుడు షేక్ అర్షద్ ఉన్నాడు. రోడ్డు ప్రమాదములో ఒక కాలు పోయింది. ప్రమాదములో కాలు పోగొట్టుకొని సైకిలు పట్టిన ఆదిత్య మెహతా హైదరాబాదులో నెలకొల్పిన సంస్థలో అర్షద్ తర్ఫీదు పొందాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారతదేశము మొదటిసారిగా సైకిలు పోటీలలో పాల్గొన్నది. ఆ పోటీలకు వెళ్లినవారిలో అతను ఒకడు.

పరుగు మాటకు వస్తే వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి ఉంది. ఆమెది శరీర వైకల్యము కాదు, బుద్ధి ఎదుగుదలలో లోపము. ఊళ్లో వెక్కిరింపులు ఆ తల్లిదండ్రులు పడ్డారు. ఉన్న కొద్ది పొలము అమ్ముకోవలసి వచ్చింది. అయినా బిడ్డను ఇంట దాచలేదు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబె నగరములో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ఆమె అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్‌లో కంచు పతకము తెచ్చింది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి మాట్లాడుకుందాము. ఇది చెప్పడానికే ఈ నెల ఇంత దూరము వచ్చాము.

మన ఊళ్లలో కాలు సరిగా లేని బిడ్డను పెట్టిన పేరుతో పిలిచేవారు ఎందరు? “కుంటోడు” అనే మాట మెల్లగా పేరై కూర్చుంటుంది. అక్కకు పెళ్లిచూపులు వస్తున్నాయంటే ఆ బిడ్డను వెనుక గదిలో ఉండమంటారు. “బడికి దూరము, ఎవరు మోసుకుపోతారు” అని ఐదో తరగతితో చదువు ఆపివేస్తారు. ఇదంతా ద్వేషముతో చేయరు, ప్రేమతోనే చేస్తారు. బిడ్డకు దెబ్బ తగులుతుందని, నలుగురు నవ్వుతారని భయము. కాని ఆ ప్రేమ ఇరవై ఏళ్లు గడిచేసరికి గోడ అవుతుంది. తల్లిదండ్రులు వృద్ధులైన నాడు ఆ గోడ లోపల మిగిలేది ఒక్క మనిషి.

ఇంకొక సంగతి. కృత్రిమ కాలు ఒకసారి తెచ్చి తొడిగితే సరిపోదు. బిడ్డ ఎదుగుతాడు, కాలు ఎదగదు. ఏడాది తిరిగేసరికి అది బిగుతై ఒరుసుకొని పుండు పడుతుంది. “వీడికి అలవాటు కాలేదు” అని దానిని అటక మీద పెడతారు. తప్పు బిడ్డది కాదు, కొలతది. మరల కొలిపించి మార్పించాలి. జైపూర్ కాలును ఉచితముగా అమర్చే సంస్థ 1975 నుండి పనిచేస్తున్నది. పేదవారికి ఇటువంటి ఉపకరణములు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకము కూడా ఉన్నది.

చట్టము కూడా మన పక్షమున ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించింది. నలభై శాతమునకు తక్కువ కాని వైకల్యము ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతము, పై చదువుల సీట్లలో 5 శాతము కేటాయించారు. మన రాష్ట్రములో 2024లో వికలాంగుల పింఛను నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు పెంచారు. వీటిలో దేనికైనా ముందు ధ్రువపత్రము కావాలి. చదువు రాని కుటుంబము ఆస్పత్రి కిటికీ దగ్గర ఒకసారి తిరస్కరించబడితే మరల వెళ్లదు. చదువుకున్న యౌవనస్థులు ఒక్క పూట వారితో కూడ వెళితే ఆ పని జరుగుతుంది.

కాబట్టి చదువరులారా, మూడు చిన్న పనులు చెబుతున్నాము. ఆ బిడ్డను పేరు పెట్టి పిలవండి. బడికి, ఆటకు, పెళ్లికి, ప్రార్థనకు అందరితో పాటు తీసుకొని రండి. మందిరపు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేటట్టు ఒక వాలు కట్టించండి. 

ఆ బిడ్డ పతకము తేవాలని కాదు. తన కాళ్లతో గాని, చక్రాలతో గాని, మరొకరి చేయి పట్టుకొని గాని తన వీధి చివర దాకా తానే వెళ్లి రావాలి. అక్కడ ఎదురైనవారు పేరు పెట్టి పలకరించాలి. పందెము అక్కడే మొదలవుతుంది.