డాక్ మార్చాలా, వద్దా?

నెల రోజులుగా ఇంట్లో ఒకటే నస. నస నాదే :) ఇప్పుడున్న డాక్ తీసేసి, దానికి నాలుగింతల ధర పెట్టి కొత్తది కొనాలా వద్దా అని. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: ఫైల్లో ఉన్న అంకెల్ని స్పీకర్‌కి కావలసిన కరెంటుగా మార్చేదే డాక్. మీ ఫోన్లోనూ ఒకటుంటుంది.

మన ఆఫీసుల్లో చూస్తుంటాం కదా, అప్లికేషన్ నెమ్మదించిందంటే చాలు, ప్రొఫైలర్ పెట్టి చూడకుండానే ఎవడో ఒకడు "సర్వర్ మార్చేద్దాం" అంటాడు. వాణ్ణి చూసి నవ్వుకునే నేనే ఇక్కడ అదే పని చేస్తున్నానని ఆలస్యంగా వెలిగింది.

సరే, ముందు లెక్క చూద్దాం. 1982లో వచ్చినప్పటి నుంచీ సీడీది ఒకటే లెక్క: సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటీ 16 బిట్లు. దాంతో 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టొచ్చు. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, వయసు మీదపడితే ఇంకా ముందే. బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ చొప్పున మొత్తం 96. ఇప్పుడు వస్తున్న చవక డాక్‌లు కూడా దీని దరిదాపుల్లోనే ఉంటున్నాయి. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్లో ఒక ప్రయోగం గురించి రాశారు. హై రెజల్యూషన్ డిస్కుల శబ్దాన్ని మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపిస్తే, మామూలు వాల్యూంలో వినేవాళ్ళు తేడా పట్టలేకపోయారు.

ఎవరో చెప్పింది ఎందుకని స్నేహితుడి ఖరీదైన డాక్ అడిగి తెచ్చా. మల్టీమీటర్‌తో రెండిటి వాల్యూమూ సమానం చేశా (ఇది ముఖ్యం, కాస్త గట్టిగా మోగేదే మనకి బాగున్నట్టు అనిపిస్తుంది). తమ్ముడు నాకు కనబడకుండా వైర్లు మార్చాడు. పదిసార్లలో ఆరుసార్లు కరెక్టుగా చెప్పా. బొమ్మాబొరుసూ వేసినా అంతే వచ్చేది.

పక్కనే కూర్చున్న బాపు "ఏమన్న ఫరక్ తెలుస్తున్నదారా?" అన్నాడు. లేదన్నా. "మరి గా పైసలతోని నా క్యాసెట్లు మంచిగ చేయించరాదు?"

జనగామలో మా ఇంటి అటక మీద ఒక రేకు డబ్బా నిండా క్యాసెట్లున్నాయి. బాపు టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని ఊళ్ళు తిరిగి పట్టుకొచ్చిన ఒగ్గుకథలు. మల్లన్న కథ, బీరప్ప కథ, డోళ్ళు, తాళాలు. మాణిక్యాపురం చుక్క సత్తయ్య 2017లో పోయాడు. ఆయనంత పేరున్నవాళ్ళ గొంతు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పేరు లేనివాళ్ళది ఆ రేకు డబ్బాలో తప్ప ఇంకెక్కడ ఉంటుంది?

డాల్బీ లేని మామూలు క్యాసెట్‌కి 50 డెసిబెల్స్ వస్తే గొప్ప. అంటే ఎనిమిది బిట్ల పైన కాస్త. దాన్ని 120 డెసిబెల్స్ డాక్‌లో పెట్టి వింటే ఏమొస్తుంది? టేపు బుస ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది, అంతే.

డాక్ అసలు మార్చొద్దనడం లేదు. లాప్‌టాప్ జాక్‌లోంచి గరగర వస్తున్నా, కావలసిన ఇన్‌పుట్ లేకపోయినా మార్చాల్సిందే. మా ఇంట్లో వచ్చిన 50 హెర్ట్జ్ గుయ్యి మాత్రం ఎర్తింగ్ సరిచేయిస్తే పోయింది. స్పీకర్లు గోడకి కాస్త దూరం జరిపితే వచ్చిన తేడా కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా.

నాకు తేలిందేంటంటే, డాక్ వచ్చే ఏడాది కొన్నా దొరుకుతుంది. టేపు వచ్చే ఏడాదికి బూజు పట్టకుండా ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇప్పుడు నాకు కావలసింది అంకెల్ని శబ్దం చేసే డబ్బా కాదు, శబ్దాన్ని అంకెలు చేసే డబ్బా. అది కొన్నా. టేప్ డెక్‌కి బెల్ట్ మార్పించా.

మొన్న మొదటి క్యాసెట్ ఎక్కించా. డోలు దెబ్బల మధ్యలో మా నానమ్మ గొంతు: "జర జరుగుండ్రి, పిల్లగాడు పండుకున్నడు." ఆ పిల్లగాణ్ణి నేనేనట.

పాత డాక్‌లోనే విన్నా.