గోడమీది పటానికి నీడ కావాలి

మన ఇళ్ళలో హాలు గోడకు మక్కా మదీనాల పటం ఉండడం పరిపాటి. ఎండ తగిలే గోడకు ఏళ్ళ తరబడి వ్రేలాడిన అటువంటి పటాన్ని ఒకసారి నిదానంగా పరిశీలించండి. మస్జిదె నబవీ పచ్చని గుంబద్ నీలివన్నెకు తిరిగి ఉంటుంది. అచ్చులో సాధారణంగా ఆకుపచ్చకు విడిగా సిరా ఉండదు. నీలం మీద పసుపు పడితే మన కంటికి అది ఆకుపచ్చ. వెలుతురు తాకిడికి పసుపు, ఎరుపు సిరాలే ముందుగా వెలిసిపోతాయి. నీలం, నలుపు నిలుస్తాయి. పోయిన రంగును మరల రప్పించే ఉపాయం లేదు. కనుక పటం ఎంత అందంగా ఉన్నదన్న దానికంటే, ఎక్కడ ఉన్నదన్నదే ముందు ఆలోచించవలసిన విషయం.

కిటికీకి ఎదురు గోడ తగదు. అద్దం ఉన్నది కదా అనుకోరాదు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాలన్నింటినీ ఆపలేదు. కాగితంపై ఉన్న కళాఖండాలను మ్యూజియములు సాధారణంగా 50 లక్సుల మసక వెలుతురులోనే, అదీ కొన్ని నెలలపాటే ప్రదర్శించి, తిరిగి చీకటి గదిలో విశ్రమింపజేస్తాయి. ఇంట్లో అంత నియమం సాధ్యం కాదు గాని, రెండు పటాలను మార్చి మార్చి పెట్టుకోవడం సాధ్యమే. పొయ్యి దాపున, స్నానాల గది గోడకు, వానకు నానే బయటి గోడకు పటం పెట్టవద్దు. ఫ్రేము వెనుక క్రింది మూలలలో రెండు బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

ఇక పటం కట్టించడం. అసలు నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. చిత్రం నేరుగా అద్దానికి ఆనితే, వానాకాలపు చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కొంటుంది. అప్పుడు బలవంతంగా ఒలిస్తే రంగు అద్దంతోనే ఉండిపోతుంది. అందుకే నడుమ మౌంటు అట్ట ఉండాలి. ఆ అట్ట, వెనుక పెట్టే అట్ట ఆమ్లం లేనివై ఉండాలి. చవక అట్ట, హార్డ్‌బోర్డు కొన్నేళ్ళకే కాగితానికి గోధుమవన్నె మరకలు పెడతాయి. సెల్లోటేపు అసలే వద్దు, దాని జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకుతుంది. కాగితపు మూల పట్టీలతో నిలిపితే చాలు. బంగారు పూత ఫ్రేముకు వేలు వెచ్చించి, వెనుక అట్ట దగ్గర వంద రూపాయలు మిగుల్చుకోవడం మాకు బోధపడని పొదుపు. పటం కట్టేవారిని నిందించీ లాభం లేదు. అడిగినవారికే వారు మంచి అట్ట వేస్తారు.

కొన్ని కుటుంబాలలో తాతల నాటి ఖత్తాతీ ప్రతులు ఉంటాయి. నస్తాలిఖ్ అక్షరాల వంపులు సీసపు అచ్చులకు లొంగనందున, పంతొమ్మిదవ శతాబ్దిలో ఉర్దూ పుస్తకాలు ఎక్కువగా శిలాముద్రణలోనే వెలువడేవి. 1858లో లక్నోలో ఆరంభమైన నవల్ కిశోర్ ప్రెస్సు అందుకు పేరుగాంచినది. కాతిబ్ చేతివ్రాత ఆ విధంగా కాగితానికెక్కేది. ఇటువంటి ప్రతి దొరికితే దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి కరిగి అంటుకొన్న ప్లాస్టిక్‌ను కాగితం చెడకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. ఫ్రేములో ఇమడలేదని అంచులూ కత్తిరించవద్దు. కాతిబ్ పేరు, ముద్రణాలయం పేరు, సంవత్సరం తరచుగా అంచులలోనే ఉంటాయి. అవి పోతే ఆ ప్రతి ఎవరిదో, ఎప్పటిదో చెప్పే సాక్ష్యం పోయినట్లే.

అద్దం తుడిచేటప్పుడు నీటిని గుడ్డ మీద చిలకరించండి, అద్దం మీద కాదు. జారిన చుక్క ఫ్రేము సందులోంచి కాగితాన్ని చేరుతుంది. ఏడాదికొకసారి, వానలు వెలిసిన తరువాత, పటాన్ని దించి వెనుక భాగం చూడండి. చెదలు, వెండిపురుగులు అక్కడే చేరుతాయి.

ఆయతులున్న ప్రతి పూర్తిగా శిథిలమైతే దానిని చెత్తలో వేయక, శుభ్రమైన చోట పాతిపెట్టడం మన పెద్దల పద్ధతి. అంతకు ముందే మంచి వెలుతురులో దాని ఫోటో తీసి, అది ఎవరు తెచ్చినదో, ఏ సంవత్సరంలో ఇంటికి వచ్చినదో ఇంటి పెద్దలను అడిగి వ్రాసి ఉంచండి.