మన తోడికి మన బొమ్మ

దోమలగూడ గగన్ మహల్ రోడ్డులో జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియం ఉంది. శాంతినికేతన్‌లో చిత్రకళ చదివి 1951లో హైదరాబాదు వచ్చిన జగదీశ్ మిత్తల్, 2025 జనవరిలో కన్నుమూసేదాకా దక్కనీ చిత్రాల సేకరణకూ అధ్యయనానికీ జీవితం ధారపోశారు. అక్కణ్నుంచి నడిచివెళ్లే దూరంలో చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. బొమ్మా పాటా ఇంత ఇరుగుపొరుగున ఉన్నా, ఈనాడు వాటి మధ్య రాకపోకలు మాత్రం తక్కువ.

దక్కనులో ఆ రాకపోకలు పాతవే. 16వ శతాబ్ది చివరి నుంచే ఇక్కడి చిత్రకారులు రాగమాలలు, అంటే రాగాలకు రూపమిచ్చే బొమ్మల వరుసలు, గీశారు. 6 రాగాలు, ఒక్కో రాగానికి ఐదుగురు రాగిణులు, మొత్తం 36 బొమ్మలు అన్నది బాగా వాడుకలో ఉన్న వరుస. తోడి అంటే అడవిలో వీణ పట్టిన యువతి, ఆమె చుట్టూ చేరిన జింకలు. హిందోళం అంటే ఉయ్యాల.

అయితే ఆ చిత్రకారులకు ఆధారం చాలావరకు ధ్యానశ్లోకాలు, అప్పటికే స్థిరపడిన రూపాలు. తాము విన్న ఫలానా ఆలాపన కాదు. పైగా ఆ పేర్లు మన కర్ణాటక రాగాలకు అతకవు. హిందుస్తానీ తోడి స్వరాలు మనకు శుభపంతువరాళి. మన తోడి స్వరాలు వాళ్లకు భైరవి. మన హిందోళం వాళ్ల మాల్కౌంస్. కాబట్టి జింకల బొమ్మ ఎంత అందమైనదైనా మన తోడిది కాదు. మన తోడికి బొమ్మ మనమే విని గీసుకోవాలి.

ఎలా గీయాలి? తోడిలో గాంధారం ఒక్కచోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. దానికి తిన్నని గీత పనికిరాదు. విద్వాంసులు కొందరు పంచమాన్ని వదిలేసి చాలాసేపు ఆలాపిస్తారు. ఆ వదిలిన చోటును కాగితం మీద ఖాళీగా ఉంచాలా, చుట్టూ రంగు దట్టించి చూపాలా? ఇలాంటి ప్రశ్న ఎదురైనప్పుడే చెవి నిజంగా పనిచేస్తుంది. 1911 జనవరిలో మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బర్గ్ కచేరీ విన్న చిత్రకారుడు కాండిన్‌స్కీ, నల్లటి పియానో ఆకారం మీదికి పొంగివచ్చే పసుపు రంగు వేశాడు. ఆ పసుపు ఏ శాస్త్రమూ చెప్పినది కాదు, ఆయన విన్నది.

ఎవరికి తోచింది వారు గీస్తే మంచిచెడ్డలు తేల్చేదెలా అని అడగవచ్చు. వినికిడే గీటురాయి. రాగం పేరు చూసి వేసిన బొమ్మకూ, సంగతి సంగతికీ చెవి ఒగ్గి వేసిన బొమ్మకూ తేడా రసికులకు ఇట్టే తెలుస్తుంది. మన కచేరీల్లో శ్రోత మెచ్చుకోలు తల ఊపడంతో, తాళం వేయడంతో ఆగిపోతోంది. గీయడానికి కూర్చున్నవారు అంతకంటే శ్రద్ధగా వినక తప్పదు.

అందుకే మా కోరిక ఇది: కచేరీ జరిగే ప్రతి సభలోనూ చిత్రకళ విద్యార్థులకు కొన్ని కుర్చీలు కేటాయించాలి. రామకోటి సంగీత కళాశాల విద్యార్థులూ వారూ కలిసి ఒకే రాగం మీద కూర్చోవాలి. పాఠకులు కూడా తాము విన్న రాగాన్ని గీసి పంపండి. చేయి తిరిగిన చిత్రకారులే కానక్కర్లేదు. ఏ రాగం, ఎక్కడ విన్నారు, ఏ సంగతి దగ్గర ఆ గీత పుట్టింది అన్నది మాత్రం తప్పక రాయండి. ఆ బొమ్మలకు ఈ పత్రికలో చోటు ఉంటుంది.