తాత వెనక ఎన్ని చక్రాలు?

మా ఇంట్లో ఒక పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఉంది. కామారెడ్డి స్టేషన్‌లో బొగ్గు ఇంజిన్ పక్కన మా తాత. తెల్ల ధోతి, చేతిలో గుడ్డ సంచి. మాది ఎల్లారెడ్డి. మా ఊరికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు. రైలెక్కాలంటే కామారెడ్డి రావాల్సిందే.

"ఎప్పుడు తీసిన్రు బాపూ?" అని అడిగా. "ఏమో బిడ్డా, నేను పుట్టకముందుదే" అన్నాడు. వెనక్కి తిప్పితే ఏమీ రాసి లేదు. పైగా ఫ్రేములో పట్టడం లేదని ఎవరో రెండు పక్కలా కత్తిరించారు. ఇంజిన్ నంబరు ఆ ముక్కతోనే పోయింది.

సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే ఈ లైన్‌ను నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో వేశారు. మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య మీటరే దూరం. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి లైన్ల కోసం దేశంలో ఎక్కువగా తయారైన ఇంజిన్లు రెండు: వైపీ, వైజీ. వై అంటే మీటర్ గేజ్. పీ ప్యాసింజర్, జీ గూడ్స్. పక్క నుంచి చూసి, కడ్డీతో కలిపిన పెద్ద చక్రాలు లెక్కపెట్టాలి. వైపీకి మూడు, వైజీకి నాలుగు. మన దేశంలో రైల్వే కోసం తయారైన చివరి బొగ్గు ఇంజిన్ కూడా వైజీయే. 1972లో చిత్తరంజన్‌లో చేశారు.

ఫొటోను ఫోన్‌లో జూమ్ చేశా. మూడు చక్రాలు! వైపీ దొరికిందని సంబరపడ్డా. మళ్లీ చూస్తే తాత ధోతి వెనక ఇంకో చక్రం అంచు. నాలుగు! అయితే వైజీ. కానీ బ్రిటిష్ కాలం నాటి వైడీకీ నాలుగే. వైడీ అయితే ఫొటో ఇంకా పాతది కావచ్చు. నంబరుంటే నిమిషంలో తేలిపోయేది.

ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో 1977 నుంచి పాత ఇంజిన్లు భద్రంగా ఉన్నాయి. కామారెడ్డి ప్లాట్‌ఫాం మీద ఆగిన ఇంజిన్ మాత్రం మన ట్రంకు పెట్టెల్లోనే ఉంది. అలాంటి ఫొటో దొరికితే క్రాప్ చేయకండి. అంచులతో సహా స్కాన్ చేయండి, వెనక వైపు కూడా. ఊరు, మనుషులు, సంవత్సరం తెలిసిన పెద్దవాళ్లను ఇవాళే అడగండి. మా ఇంట్లో తెలిసింది నాయనమ్మకే. ఆమె ఉన్నప్పుడు నేను అడగలేదు.

నిన్న ఫొటో వెనక పెన్సిల్‌తో మెల్లగా రాశా: "తాత. కామారెడ్డి స్టేషన్. ఇంజిన్‌కు పెద్ద చక్రాలు 4. సంవత్సరం తెలియదు."