ఓజోన్ పెట్టె మన హాలుకు వద్దు

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మన హాలుకు గాలి శుభ్రం చేసే ఓజోన్ యంత్రం కొనాలని ప్రతిపాదన వచ్చింది. డబ్బు ఇచ్చే దాత కూడా సిద్ధం. ఆయన మంచి మనసు మీద మాకు అనుమానం లేదు. అయినా మేము కొందరం దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాం.

గాలి బాగోలేదన్న మాట నిజమే. శివాజీ పార్కు ఎర్రమట్టి ఒకటి, ఎటు చూసినా కూల్చి కడుతున్న బిల్డింగుల సిమెంటు దుమ్ము ఒకటి. పావురాల రెట్ట ఊపిరితిత్తులకు చెరుపు అనే కదా 2025 ఆగస్టులో దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్లు కప్పి మూశారు? జబ్బు ఉంది. దానికి మందు ఇది కాదు.

మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండు పరమాణువులుంటాయి, ఓజోన్‌లో మూడు. ఆ మూడోదానికి నిలకడ లేదు, తగిలినదాన్నల్లా కొరుకుతుంది. రబ్బరు కూడా పగుళ్ళు బారుతుంది. క్రిములను చంపేది ఆ గుణమే, మన గొంతును, ఊపిరితిత్తులను రేపేదీ ఆ గుణమే. ఆకాశంలో పైన ఉన్నప్పుడు అది మనకు గొడుగు. గదిలోకి వస్తే విషం.

"బాటిల్ నీళ్ళలో వాడుతున్నారు కదా" అంటున్నారు. అవును, ఫ్రాన్స్‌లోని నీస్ పట్టణంలో 1906లోనే తాగే నీటికి వాడారు. నీళ్ళలో అది పని ముగించుకుని మళ్ళీ ఆక్సిజన్ అయిపోతుంది, ఆ తర్వాతే మనం తాగుతాం. నిప్పంటుకుని పొగ వాసన పట్టిన గదుల్లోనూ వాడతారు. అప్పుడు మనుషులందరినీ బయటికి పంపి, తలుపులు మూసి నడిపి, తర్వాత కిటికీలు తెరిచి బాగా గాలి ఆడనిస్తారు. మన హాలులోనో? పిల్లల ట్యూషన్, పెద్దల భజన జరుగుతుండగానే నడపాలట!

రైల్వేలో లెక్కలు రాసిన అలవాటు మాది, ఒక లెక్క చూద్దాం. హాలు 20 అడుగుల పొడుగు, 15 వెడల్పు, 10 ఎత్తు. అంటే 3,000 ఘనపుటడుగులు, సుమారు 85 ఘనపు మీటర్లు. మాకు చూపించిన యంత్రం మీద గంటకు 1 గ్రాము అని ఉంది. అది 10 లక్షల మైక్రోగ్రాములు. 85తో భాగిస్తే మీటరుకు 11,700 పైన వస్తుంది. నూటికి తొంభై వంతులు గోడలకు, బట్టలకు తగిలి విరిగిపోయిందనే అనుకుందాం. గంట గడిచేసరికి ఇంకా 1,170 మిగులుతుంది. మన దేశపు 2009 ప్రమాణం ప్రకారం బయటి గాలిలో గంట సగటు 180 దాటకూడదు. ఎన్ని రెట్లో మీరే చూసుకోండి.

"అయితే తక్కువలో పెడదాం" అంటారా? మనిషికి హాని చేయనంత తక్కువ ఓజోన్‌తో గది గాలి పెద్దగా శుభ్రపడదని అమెరికా పర్యావరణ సంస్థే చెబుతోంది. 0.05 పీపీఎం మించి ఓజోన్ వదిలే గది యంత్రాల అమ్మకాన్ని కాలిఫోర్నియాలో 2010 నుంచి ఆపేశారు. పైగా మన అసలు బాధ దుమ్ము. ఓజోన్ దుమ్మును పట్టదు. నిమ్మ వాసన వేసే ఫ్లోర్ క్లీనర్ ఆవిరితో కలిస్తే ఫార్మాల్డిహైడ్ కూడా పుట్టిస్తుంది. "వాన వెలిసినట్టు కమ్మగా ఉంది" అని మెచ్చుకున్నారే, అది శుభ్రమైన గాలి వాసన కాదు, ఓజోన్ వాసన. ఆఫీసులో పాత జిరాక్స్ మిషను దగ్గర వచ్చేది అదే.

ఆ హాలులో కూర్చునేది ఎవరు? మిల్లుల్లో స్పిన్నింగ్ ఖాతాలో పత్తి దుమ్ము మింగిన పెద్దలు. 1982 సమ్మెతో పని పోయింది, దగ్గు మాత్రం వెంట వచ్చింది. వాళ్ళ పక్కనే పంపు జేబులో పెట్టుకుని తిరిగే ఆస్తమా పిల్లలు. వీళ్ళ మీదనా ప్రయోగం?

దాతగారిని అదే డబ్బు ఇలా అడుగుదాం: ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, తడిసి బూజు పట్టిన గోడకు మరమ్మతు, ఇంకా మిగిలితే ఓజోన్ వదలని, హెపా ఫిల్టరు ఉన్న యంత్రం. చీపురు బదులు తడిగుడ్డ, భజనకు నాలుగు అగరువత్తుల బదులు ఒకటి. వీటికి ఖర్చే లేదు.

జనరల్ బాడీ మీటింగుకు తప్పకుండా రండి. చేతులెత్తే ముందు అమ్మేవాడిని ఒక్క మాట అడగండి: "ఇది నడిచేటప్పుడు మీ మనవడిని ఇందులో కూర్చోబెడతారా?"