ప్రశ్నావళికీ పరీక్ష కావాలి

గడచిన ఏడు రోజుల్లో ఒంటికి గట్టి శ్రమ పెట్టే పనులు ఎన్ని రోజులు చేశారు, చేసిన రోజున ఎంతసేపు చేశారు? ఓ మోస్తరు శ్రమ ఉన్న పనులు ఎన్ని రోజులు, ఎంతసేపు? నడక ఎన్ని రోజులు, ఎంతసేపు? రోజుకు ఎంతసేపు కూర్చుని గడుపుతున్నారు? అంతర్జాతీయ శారీరక శ్రమ ప్రశ్నావళి, పొట్టిగా ‘ఐపాక్’, తన చిన్న రూపంలో అడిగే ఏడు ప్రశ్నలూ ఇవే. పెద్ద రూపంలో 27 ఉంటాయి. 1998లో జెనీవాలో కలిసిన పరిశోధకులు దీనికి పునాది వేశారు. 2000లో 12 దేశాల్లో, 14 కేంద్రాల్లో పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. ఆ పన్నెండు దేశాల్లో టర్కీ లేదు. మన దేశమూ లేదు.

టర్కిష్ మాట్లాడేవారి కోసం దీన్ని మలచి పరీక్షించిన పనిలో ముఖ్య భాగం అంకారాలోని హాజెట్టెపే విశ్వవిద్యాలయంలో జరిగింది. 2005లో అక్కడ ఒక సిద్ధాంత వ్యాసంగా మొదలై, 2010లో అంతర్జాతీయ పత్రికకెక్కింది. ఈ కథ మనం తెలుసుకోదగ్గది, ఎందుకంటే ఇలాంటి ప్రశ్నావళుల నుంచి పుట్టిన అంకెలే మన పత్రికల్లోనూ పెద్ద అక్షరాల్లో అచ్చవుతున్నాయి. 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2022 నాటికి భారతీయ వయోజనుల్లో 49.4 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని లెక్కగట్టింది. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. 2017-18లో జరిగిన జాతీయ అసాంక్రమిక వ్యాధుల పర్యవేక్షణ సర్వే 41.3 శాతం అంది. ఎవరి ఒంటికీ యంత్రం కట్టి కొలిచిన అంకెలు కావివి. జనం ఇచ్చిన జవాబులను నిమిషాలుగా మార్చి, కూడి, హెచ్చవేసి తేల్చినవి. అడిగిన ప్రశ్న విన్నవారికి ఎలా అర్థమైందన్నదే ఈ అంకెలన్నింటికీ ఆధారం.

ప్రశ్నావళిని మరో భాషలోకి తెచ్చే పద్ధతి ఒకటి స్థిరపడి ఉంది. ఇద్దరు అనువాదకులు విడివిడిగా మార్చాలి. రెండింటినీ కలిపి ఒకటి చేయాలి. మూలం చూడని మరో ఇద్దరు దాన్ని మళ్లీ వెనక్కి అనువదించాలి. నిపుణుల సంఘం తేడాలన్నీ చర్చించాలి. చివర ముప్ఫై, నలభై మంది మామూలు మనుషులకు ఇచ్చి, ఒక్కో ప్రశ్న వారికి ఎలా అర్థమైందో అడిగి తెలుసుకోవాలి. ఈ చివరి మెట్టే అన్నింటికన్నా విలువైనదని నా నమ్మకం. తొందరలో ముందు ఎగిరిపోయేదీ అదే.

ఐపాక్ మూలంలో గట్టి శ్రమకు ఇచ్చిన ఉదాహరణలు బరువులెత్తడం, తవ్వడం, ఏరోబిక్స్, వేగంగా సైకిల్ తొక్కడం. టర్కిష్‌లో వీటికి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ తోడయ్యాయి. మోస్తరు శ్రమకు మూలం తేలిక బరువులు మోయడాన్నీ, మామూలు వేగంతో సైకిల్ తొక్కడాన్నీ, డబుల్స్ టెన్నిస్‌నూ చూపితే, టర్కిష్‌లో జానపద నృత్యాలు, డాన్స్, బౌలింగ్ చేరాయి. (క్రికెట్ బౌలింగ్ కాదు, చెక్క నేల మీద బంతి దొర్లించి బుడ్లు పడగొట్టే ఆట.) జానపద నృత్యం చేర్చడం చాలా మంచి ఆలోచన. అనతోలియా పల్లెల్లో చేయీ చేయీ పట్టి వరసకట్టి ఆడే హలాయ్ లేని పెళ్లి అరుదు. నల్లసముద్ర తీరంలో హోరోన్ అడుగులు వేస్తే పడుచువాళ్లకు కూడా ఊపిరి అందదు. ఆ దేశంలో శ్రమ ఎక్కడుందో తెలిసినవాళ్లు చేర్చిన మాట అది. కానీ దాని పక్కనే డబుల్స్ టెన్నిస్ కదలకుండా కూర్చుంది. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, బౌలింగ్, టెన్నిస్ కలిపి చూస్తే విశ్వవిద్యాలయం ఆవరణలో తిరిగే యువతీయువకులు కనిపిస్తారు. రిజే కొండవాలుల్లో పెద్ద కత్తెరలతో తేయాకు కోసి, మూటలు వీపున వేసుకుని దిగే ఆడవాళ్లు కనిపించరు. ఆగస్టులో ఒర్దు, గిరెసున్ తోటల్లో హేజల్‌నట్ ఏరే కూలీలు కనిపించరు. పిండి పిసికి, పల్చటి యుఫ్కా రొట్టెలు గుట్టలుగా ఒత్తే అత్తాకోడళ్లూ కనిపించరు.

పరీక్షకు కూర్చున్నదీ విద్యార్థులే. వెయ్యిమందికి పైగా విశ్వవిద్యాలయ విద్యార్థులు అందులో పాల్గొన్నారు. కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు అడిగి జవాబులు పోల్చారు. కొందరి ఒంటికి కదలికను కొలిచే యంత్రం, యాక్సిలరోమీటర్, కట్టి ఆ లెక్కతోనూ పోల్చారు. పరిశోధనగా అది చక్కటి పని, ఎవరి మీద చేశారో దాచకుండా చెప్పుకున్న పని. చిక్కు ఆ తర్వాత మొదలైంది. టర్కిష్ రూపానికి ‘పరీక్షలో నెగ్గింది’ అన్న ముద్ర పడగానే అదే కాగితం గర్భిణుల చేతికీ, వృద్ధుల చేతికీ, దీర్ఘకాలిక రోగుల చేతికీ వెళ్లింది. ఇరవై ఏళ్ల విద్యార్థి దగ్గర రుజువైనది డెబ్బై ఏళ్ల అవ్వ దగ్గరా రుజువైనట్టే చెలామణి అయింది. ఈ అలవాటు టర్కీ ఒక్కదానిదే కాదు.

పరీక్షలో నెగ్గడమంటే ఏమిటో కూడా విడదీసి చూడాలి. పన్నెండు దేశాల అధ్యయనంలో రెండుసార్లు అడిగినప్పుడు జవాబులు కలిసిన తీరుకు సహసంబంధ గుణకం దాదాపు 0.8 వచ్చింది. యంత్రం లెక్కతో పోల్చినప్పుడు వచ్చింది 0.3 దగ్గర. మొదటిది నిలకడ, రెండోది నిజానికి దగ్గరితనం. రోజూ ఒకే తీరున ఎక్కువ తూచే కాటాకు నిలకడ నిండుగా ఉంటుంది, అది చూపే బరువు మాత్రం తప్పు. 2011లో ఐపాక్ చిన్న రూపం మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ సమీక్షించినప్పుడు, యంత్రాలు కొలిచినదాని కన్నా జనం చెప్పుకున్న శ్రమ సగటున 84 శాతం ఎక్కువని తేలింది. పైగా సహసంబంధం అన్నది ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న వరస కలిసిందా అని మాత్రమే చూస్తుంది. అందరూ రెట్టింపు చెప్పినా వరస చెదరదు. ‘ఇంత శాతం మందికి చాలినంత శ్రమ లేదు’ అని ప్రకటించాలంటే కావలసింది వరస కాదు, నిమిషాలు. అందుకే ఒక్కో మనిషి చెప్పినదానికీ యంత్రం చూపినదానికీ మధ్య తేడా ఎంత, ఎటువైపు అని చూపే పోలిక ఉండాలి. అది లేని ప్రామాణికత పరీక్ష సగంలో ఆగినట్టే.

తప్పంతా ప్రశ్నదే అనడం న్యాయం కాదు. నడుముకు కట్టిన యంత్రం నడుము కదలికనే చూస్తుంది. పిండి పిసికే చేతులు దానికి కనిపించవు. తలమీద పదిహేను కిలోల బరువుతో నడిచినా, ఉత్త చేతులతో నడిచినా దానికి దాదాపు ఒకటే. సైకిల్ తొక్కడాన్ని చాలా తక్కువగా పట్టుకుంటుంది. గుణకం 0.3 అయినందుకు ప్రశ్నావళిని ఎంత నిందించాలో, యంత్రాన్నీ అంతో ఇంతో నిందించాలి.

ఈ కొలత ఎక్కడ విరిగిపోతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. అంకారా శివార్లలో ఓ అపార్ట్‌మెంట్‌లో నలభై అయిదేళ్ల గృహిణి ఉందనుకుందాం. ఇల్లు తుడవడం, కార్పెట్లు దులపడం, బజారు సంచులతో నాలుగో అంతస్తుకు మెట్లెక్కడం, మంచాన పడ్డ మామగారిని లేవదీయడం ఆమె రోజువారీ పని. మోస్తరు శ్రమ రోజుకు రెండు గంటలని ఆమె చెబితే, చిన్న రూపం లెక్కలో నిమిషానికి 4 మెట్‌ల (మెట్ అంటే శ్రమ తీవ్రతకు కొలమానం) చొప్పున 120 నిమిషాలు, ఏడు రోజులకు 3,360. వారమంతా శ్రమ చేసి 3,000 దాటినవారు ఐపాక్ వర్గీకరణలో అన్నింటికన్నా పై తరగతి. అంటే పరుగుపందేలకు సాధన చేసే కుర్రాడి పక్కన ఆమె పేరు. అదే ఆమె ప్రశ్నను శ్రద్ధగా చదివిందనుకోండి. ఒకేసారి కనీసం పది నిమిషాలు ఆపకుండా చేసినవే చెప్పమంటుంది ఐపాక్. తన పనులన్నీ ఐదు, ఆరు నిమిషాల ముక్కలు కదా అని ఆమె సున్నా రాస్తే అట్టడుగు తరగతి. మనిషి మారలేదు, వారం మారలేదు, చేసిన పని మారలేదు. పెద్ద రూపం ఇస్తే ఇంకో జవాబు వస్తుంది, ఎందుకంటే అందులో ఇంటి లోపలి పనికి 4 బదులు 3 మెట్‌లే. అప్పుడు 2,520; నడక లాంటివి ఇంకేవీ కలవకపోతే ఆమె ఒక తరగతి కిందికి దిగుతుంది. ఆ పది నిమిషాల షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వదిలేసింది. ముక్కముక్కలుగా చేసిన శ్రమా ఒంటికి మేలే అంది. పాత ప్రశ్నావళులు మాత్రం పాత షరతుతోనే తిరుగుతున్నాయి. బ్రెజిల్, కొలంబియాల్లో పదేళ్లు ఐపాక్ వాడిన పరిశోధకులు 2010లో తమ అనుభవం రాస్తూ, ఇంటి పని, ఉద్యోగపు పని గురించిన జవాబులు మరీ ఉబ్బిపోతున్నాయి కనుక తీరిక వేళ వ్యాయామం, రాకపోకల శ్రమ ఈ రెండు భాగాలే అడగమని సూచించారు. వారి ఇబ్బంది అర్థమవుతుంది. ఆ దారిన పోతే ఆడవాళ్ల శ్రమలో ఎక్కువ భాగం లెక్కలోంచే జారిపోతుంది. జవాబు ఉబ్బుతోందంటే ప్రశ్నను బాగుచేయాలి కానీ ఆ శ్రమను తీసేయకూడదు.

‘గడచిన ఏడు రోజులు’ అన్న గడువు కూడా అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. తేయాకు కోత మే నుంచి అక్టోబరు దాకా విడతలుగా సాగుతుంది. కోత వారంలో అడిగితే రిజే ఒక ఊరు, జనవరిలో అడిగితే మరో ఊరు. రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఉపవాస దినాల్లో పగటి కదలిక తగ్గి, రాత్రి తరావీహ్ నమాజులు కలుస్తాయి. ఈ సంవత్సరం సర్వే ఆ నెలలో పడి, ఇంకో విడత పడకపోతే రెండు అంకెల తేడాను జనం మారినట్టుగా చదువుకుంటాం.

పిల్లలకూ వృద్ధులకూ వేరే ప్రశ్నావళులున్నాయి, వాటినీ టర్కిష్‌లోకి తెచ్చారు. కెనడాలో పుట్టిన పిల్లల ప్రశ్నావళి మూలంలో ఐస్ హాకీ, మంచు మీద స్కీయింగ్, పడవ నడపడం వరసగా ఉంటాయి. అదానా ఎండల్లో పెరిగే పిల్లవాడికి అవి ఉన్నా లేనట్టే. వృద్ధుల ప్రశ్నావళి 1993లో అమెరికాలో తయారైంది. ఇంటి ముందు పచ్చిక కోశారా అని అందులో ఒక ప్రశ్న. మరొకరి సంరక్షణ చూశారా అనేది ఇంకో ప్రశ్న. పచ్చిక లేని ఇళ్లలో మొదటి ప్రశ్న ఖాళీగా పోతుంది. మనవళ్లను ఎత్తుకుని తిరిగే అవ్వలకు రెండోదే అసలు ప్రశ్న. ఇలాంటి చోట అంశాలను తీసేసి కొత్తవి పెట్టాలి, పెట్టాక పరీక్ష మొదటి నుంచీ చేయాలి.

టర్కిష్ మాట్లాడేవారు టర్కీలో మాత్రమే లేరన్నది మరో చిక్కు. 1961 కార్మిక ఒప్పందంతో మొదలై జర్మనీకి వలస వెళ్లిన కుటుంబాల మూడో, నాలుగో తరానికి శ్రమ అంటే జిమ్ కావచ్చు. టర్కీ ఆగ్నేయంలో కుర్దిష్ ఇంటి భాషగా ఉన్న ముసలివారికి అదే టర్కిష్ కాగితం చదివి వినిపించాల్సి వస్తుంది. వినిపించేవాడు తోచినట్టు మాట మార్చిన క్షణానే ఆ కాగితం మీద జరిగిన పరీక్షలన్నీ వృథా.

మన దగ్గరికి వస్తే, చెన్నైలోని మధుమేహ పరిశోధకులు విదేశీ ప్రశ్నావళితో సరిపెట్టుకోకుండా భారతీయుల కోసం ఒకటి తయారుచేసి, యాక్సిలరోమీటర్‌తో పోల్చి, 2015లో ప్రచురించారు. అది సరైన దారి. కానీ మన ఊళ్లలో రోజూ అడుగుతున్న ప్రశ్న వేరు. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరి దగ్గరికీ ఆశా కార్యకర్త తీసుకెళ్లే ఆరోగ్య పత్రంలో, వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తున్నారా అని ఒకే ఒక్క ప్రశ్న ఉంది. అవునంటే సున్నా, కాదంటే ఒక మార్కు. మొత్తం మార్కులు నాలుగు దాటితే వైద్య పరీక్షలకు ముందుగా పిలుపు. నిజామాబాద్‌లో పొద్దస్తమానం కూర్చుని బీడీలు చుట్టే ఆమె దీనికి ఏం చెబుతుంది? నడుం విరిగేలా కష్టపడుతున్నా తల్లీ అంటుంది, అది అక్షరాలా నిజం. అయినా ఈ ప్రశ్న వెతికే శ్రమ అది కాదు. వరి నాట్లలో రోజంతా వంగి ఉండే కూలీ, మాకు వ్యాయామాలు ఎక్కడివమ్మా అంటుంది. ఇద్దరి మార్కులూ తారుమారు కావచ్చు.

ఇది సరిచేయడానికి కోట్లు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఈ ఒక్క ప్రశ్న తెలుగు పాఠాన్ని బీడీ కార్మికులు, నాట్ల కూలీలు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, ఇంటిపట్టున ఉండే గృహిణులు, పట్నం ఆఫీసు ఉద్యోగులు ఒక్కో వర్గంలో ముప్ఫై, నలభై మంది ముందు పెట్టాలి. ఏమని అర్థమైందో వారి నోటితోనే చెప్పించాలి. నాట్ల నెలలో ఒకసారి, వేసవిలో ఒకసారి అడగాలి. కొందరికి వారం రోజులు యంత్రం కట్టి చూడాలి. వచ్చిన తేడాలను వర్గాలవారీగా, ఆడా మగా విడదీసి బయటపెట్టాలి. అప్పటిదాకా ఆ గడిలో పడిన సున్నాను చూసి ఎవరినీ వైద్య పరీక్షల వరసలో వెనక్కి నెట్టకూడదు.